గోల్ఫ్ కార్ట్ డ్యాష్‌బోర్డు మీద కోడ్ పడితే ఎక్కడ మొదలుపెట్టాలి

బ్యాటరీ బండి ఆగిపోయి డ్యాష్‌బోర్డు మీద నంబరు పడిందంటే నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా జరిగే తంతు ఒకటే. డ్రైవర్ సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి "అన్నా, ఏదో కోడ్ పడ్డది, బండి కదుల్తలేదు" అంటాడు. సూపర్‌వైజర్ హైదరాబాద్‌లో తెలిసిన మెకానిక్‌కు చేస్తాడు. అతను బండిని చూడకుండానే "కంట్రోలర్ పోయి ఉంటది" అనేస్తాడు. దయచేసి ఆ ఒక్క మాట మీద డబ్బు పెట్టకండి. బ్యాటరీ నుంచి మోటార్‌కు ఎంత కరెంటు పంపాలో చూసే ఈ కంట్రోలర్ పెట్టె బండిలో బాగా ఖరీదైన వాటిల్లో ఒకటే, కానీ అది నిజంగా చెడిపోవడం తక్కువ. ఎక్కువ కోడ్‌లు చివరికి బ్యాటరీ దగ్గరో, లూజ్ టెర్మినల్ దగ్గరో, పెడల్ దగ్గరో, తెగిన వైరు దగ్గరో తేలతాయి. వాటిని ఒక మల్టీమీటర్‌తో, అంటే వోల్టేజీ కొలిచే చిన్న మీటర్‌తో, మీరే పట్టుకోవచ్చు.

కోడ్ పడిందంటే ఫలానా పార్టు మార్చమని కాదు. కంట్రోలర్‌కు తేడా ఎక్కడ కనిపించిందో అంతవరకే అది చెబుతుంది. వోల్టేజీ పడిపోయిందని కోడ్ వస్తే బ్యాటరీ ముసలిదై ఉండొచ్చు, లగ్గు (కేబుల్ చివర బిగించే లోహపు ముక్క) కాలి ఉండొచ్చు, రాత్రి చార్జింగే సరిగ్గా ఎక్కకపోయి ఉండొచ్చు. ఏది కారణమో మీటర్ పెడితేనే తెలుస్తుంది. అందుకే ఇక్కడ ప్రతి కోడ్ దగ్గరా ఏం మార్చాలో కంటే ఏం కొలవాలో చెబుతున్నాను.

చేయి పెట్టే ముందు

48 వోల్టులే కదా, షాక్ కొట్టదులే అని చాలామంది ధీమాగా ఉంటారు. ఇక్కడ అసలు ప్రమాదం షార్ట్. రెండు టెర్మినళ్ల మధ్య పానా పడితే వందల ఆంపియర్లు పారతాయి, పానా ఎర్రగా కాలుతుంది, ఆ నిప్పురవ్వకు బ్యాటరీ పేలొచ్చు కూడా. ఉంగరం, కడియం, వాచీ తీసేయండి. పానా పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. తాళం తీసి, హ్యాండ్ బ్రేక్ వేసి, సీటు కింద టౌ/రన్ స్విచ్ (బండిని లాక్కెళ్లడానికి ఒక వైపు, నడపడానికి ఇంకో వైపు పెట్టేది) ఉంటే టౌలో పెట్టండి. కేబుల్ విప్పాల్సి వస్తే ముందు మొత్తం బ్యాటరీ ప్యాక్ మైనస్ కేబుల్ తీయండి. బ్యాటరీ తీసేసినా కంట్రోలర్ లోపలి కెపాసిటర్లలో కాసేపు చార్జి మిగిలే ఉంటుంది కాబట్టి దాని పెద్ద టెర్మినళ్ల మీద వోల్టేజీ సున్నాకు దగ్గరగా వచ్చిందని మీటర్‌తో చూసుకున్నాకే చేయి పెట్టండి. చార్జింగ్ పెట్టిన గదిలో బీడీ, సిగరెట్ అస్సలు వద్దు. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది.

కోడ్ చదవడం

అన్ని బండ్లకూ ఒకటే కోడ్ ఉండదు. డ్యాష్‌బోర్డు మీటర్ ఒక కంపెనీది, సీటు కింద కంట్రోలర్ ఇంకో కంపెనీది కావచ్చు, కోడ్ అర్థం కంట్రోలర్‌ను బట్టే ఉంటుంది. అందుకని మొదట సీటు లేపి కంట్రోలర్ మీది ప్లేటును ఫోటో తీసి పెట్టుకోండి. నేనిక్కడ చెప్పే నంబర్లు కర్టిస్ ఏసీ కంట్రోలర్లవి, అంటే 1232, 1234, 1236, 1238 నంబర్లతో ఈ, ఎస్‌ఈ అని ముగిసే మోడళ్లవి. ఏసీ మోటార్ ఉన్న గోల్ఫ్ కార్ట్‌లలో ఇవి బాగా కనిపిస్తాయి. మీది వేరే కంపెనీదైతే నంబర్లు మారతాయి, కానీ వెతికే పద్ధతి ఇదే.

డ్యాష్‌బోర్డులో నంబరు కనిపించకపోయినా ఈ కంట్రోలర్ మీద ఎర్ర లైటు, పసుపు లైటు ఉంటాయి. అంతా బాగుంటే పసుపు లైటు ఒక్కటే మెల్లగా మిణుకుతుంది. ఫాల్ట్ ఉంటే ఎర్ర లైటు ఒకసారి వెలిగాక పసుపు లైటు ఎన్నిసార్లు వెలిగితే అది మొదటి అంకె. ఎర్ర లైటు రెండుసార్లు వెలిగాక పసుపు లైటు ఎన్నిసార్లు వెలిగితే అది రెండో అంకె. ఎర్ర ఒకటి, పసుపు రెండు, ఎర్ర రెండు, పసుపు మూడు అంటే 23 అన్నమాట. లెక్క తప్పుతోందనుకుంటే ఫోన్‌లో వీడియో తీసి తీరిగ్గా చూడండి, మెకానిక్‌కు పంపడానికీ పనికొస్తుంది. రెండు లైట్లూ వెలగకపోతే చాలావరకు కంట్రోలర్‌కు సప్లయే రావట్లేదన్నట్టు. తాళం స్విచ్, దాని చిన్న ఫ్యూజు, టౌ/రన్ స్విచ్ చూడండి.

47: పానా ముట్టకుండా పోయే కోడ్

కొత్త డ్రైవర్ వచ్చిన వారంలో ఇదే ఎక్కువ. తాళం తిప్పే ముందే కాలు రేసు పెడల్ మీద ఉన్నా, గేరు స్విచ్ ఫార్వర్డ్‌లోనో రివర్స్‌లోనో ఉండిపోయినా, వరుస తప్పిందని కంట్రోలర్ బండిని కదలనివ్వదు. ఆన్ చేయగానే బండి ఎగిరి ముందున్నవాళ్ల మీదికి పోకుండా పెట్టిన ఏర్పాటు ఇది. పెడల్ మీంచి కాలు తీసి, స్విచ్ న్యూట్రల్‌లో పెట్టి, తాళం ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. ఆ తర్వాత ఫార్వర్డ్, ఆ తర్వాతే పెడల్. అప్పటికీ పోలేదంటే పెడల్ కింద చేయి పెట్టి చూడండి. మ్యాట్ మడత పడటం, నీళ్ల సీసా దొర్లి ఇరుక్కోవడం, మట్టి గట్టిపడి పెడల్ పూర్తిగా పైకి రాకపోవడం, వీటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. అది కూడా కాకపోతే పెడల్ మైక్రోస్విచ్ అతుక్కుపోయిందేమో చూడాలి.

23, 17: వోల్టేజీ పడిపోవడం

ఎక్కువ టైము ఇక్కడే పెట్టాలి, ఎందుకంటే ఎక్కువ డబ్బు వృథా అయ్యేదీ ఇక్కడే. 23 అంటే వోల్టేజీ తగ్గి కంట్రోలర్ బండి బలం తగ్గించింది. 17 అంటే మరీ పడిపోయి బండిని ఆపేసింది. ఈ కోడ్ చూడగానే మొత్తం సెట్టు మార్చేయమనేవాళ్లు ఉంటారు. 48 వోల్టుల బండిలో 6 వోల్టులవి ఎనిమిదో, 8 వోల్టులవి ఆరో, 12 వోల్టులవి నాలుగో బ్యాటరీలు వరుసగా కలిపి ఉంటాయి. వాటిలో ఒక్కటి చచ్చినా కోడ్ వస్తుంది, బ్యాటరీలన్నీ బాగుండి ఒక్క లగ్గు వదులైనా వస్తుంది.

రాత్రంతా చార్జయి, చార్జర్ తీశాక కొన్ని గంటలు ఆగి మొత్తం ప్యాక్ వోల్టేజీ కొలవండి. లెడ్ యాసిడ్ సెట్టు నిండుగా ఉంటే 50.9 దగ్గర చూపించాలి. 48.4 దగ్గర ఉంటే సుమారు సగమే ఉంది. రాత్రంతా పెట్టినా సగమే ఉందంటే ముందు చార్జర్‌ను, అది పెట్టిన ప్లగ్గును అనుమానించండి. తర్వాత ఒక్కో బ్యాటరీ విడిగా కొలిచి కాగితం మీద రాసుకోండి. నిండిన 6 వోల్టుల బ్యాటరీ 6.37 దగ్గర, 8 వోల్టులది 8.5 దగ్గర, 12 వోల్టులది 12.7 దగ్గర ఉండాలి. అన్నీ ఒకలా ఉండి ఒకటి మాత్రం అర వోల్టు తక్కువ ఉంటే దొంగ దొరికినట్టే.

ఊరికే నిలబెట్టి కొలిస్తే బాగానే కనిపించి బరువు పడగానే కూలబడే బ్యాటరీలూ ఉంటాయి. వాటి కోసం మొసలి క్లిప్పులున్న మీటర్ వైర్లు ఒక బ్యాటరీకి బిగించి, మనుషుల్ని ఎక్కించి, ఏదో ఒక ఎత్తు ఎక్కుతూ పక్కన కూర్చున్న మనిషిని రీడింగ్ చూడమనండి. ఇలా ఒక్కో బ్యాటరీకీ అదే దారిలో చేయాలి. లోడులో అన్నీ కొంచెం తగ్గుతాయి, అది మామూలే. మిగతావి కొద్దిగా తగ్గితే ఒకటి మాత్రం ఒకటి రెండు వోల్టులు జారిపోతుంటే తప్పు దానిదే. మూతలు తీసే రకం బ్యాటరీ అయితే హైడ్రోమీటర్‌తో (యాసిడ్ చిక్కదనం కొలిచేది) ఒక్కో సెల్లూ చూడండి. నిండిన సెల్లు 1.265, 1.280 మధ్య ఉంటుంది. ఒకే బ్యాటరీలో సెల్లుకూ సెల్లుకూ 0.050 కంటే ఎక్కువ తేడా వస్తే ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోవచ్చు.

బ్యాటరీలు బాగున్నాయా? అయితే కేబుళ్లు. మీటర్‌ను డీసీ వోల్టులో పెట్టి ఒక మొన బ్యాటరీ సీసం పోస్టు మీద, ఇంకోటి దానికి బిగించిన లగ్గు మీద పెట్టి లోడులో చూడండి. దాదాపు సున్నా రావాలి. 0.2 వోల్టు దాటితే ఆ జాయింటే కరెంటును తినేస్తోంది. బండి ఆపిన వెంటనే చేతి వెనక భాగంతో లగ్గుల దగ్గరికి పోతే కొన్నిసార్లు ఆ వేడే చెప్పేస్తుంది. తెల్లగా, ఆకుపచ్చగా పొక్కు పట్టి ఉంటే కేబుల్ విప్పి, వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక ఇసుక కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించి, పైన వాసెలిన్ పూయండి. సోడా నీళ్లు సెల్లులోకి పోకుండా మూతలు గట్టిగా మూసే కడగాలి. పోస్టులు మెత్తని సీసమే కాబట్టి మరీ బలంగా బిగించొద్దు.

నీళ్ల గురించి మన జిల్లాల వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల మునుగోడు, మర్రిగూడ వైపు మనుషులు ఎంత బాధపడ్డారో మనకు తెలుసు. ఆ నీళ్లలో ఉప్పులూ ఎక్కువే. బ్యాటరీలో బోరు నీళ్లు పోశారంటే ప్లేట్లను చేతులారా పాడు చేసినట్టే. నల్లా నీళ్లు, మిషన్ భగీరథ నీళ్లు తాగడానికి బాగుంటాయి కానీ బ్యాటరీకి పనికిరావు, క్యాన్‌లో వచ్చే ఫిల్టర్ నీళ్లు కూడా వద్దు. డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. మే నెలలో 44, 45 డిగ్రీలు పడే చోట నీళ్లు తొందరగా తగ్గుతాయి కాబట్టి ఎండాకాలంలో వారానికొకసారి మూతలు తీసి చూడండి. ప్లేట్లు బయటపడి ఉంటే అవి మునిగేంత మాత్రం పోసి చార్జింగ్ పెట్టండి, మిగతాది చార్జింగ్ అయ్యాకే. ముందే నిండా పోస్తే పొంగి యాసిడ్ బయటికొస్తుంది. యాసిడ్ మాత్రం ఎప్పుడూ కలపొద్దు.

ఇంకోటి. 12 వోల్టుల లైటు, మైకు, ఫ్యాను పెట్టుకోవడానికి సెట్టులోని ఒకటి రెండు బ్యాటరీల నుంచే వైరు లాగుతారు. అవి మాత్రమే రోజూ ఎక్కువ దిగి, ముందుగా చచ్చి, మొత్తం సెట్టును కిందికి లాగుతాయి. 48 నుంచి 12కు మార్చే డీసీ కన్వర్టర్ పెట్టించండి, ఖర్చు పెద్దగా కాదు.

24, 18: గుట్ట దిగేటప్పుడు వచ్చేవి

వీటిని తేలిగ్గా తీసుకోవద్దు, ఇందులో మనుషుల ప్రాణం ఉంది. ఏసీ బండి కిందికి దిగేటప్పుడు మోటార్ జనరేటర్‌లా పనిచేసి బండిని పట్టి ఉంచుతూ, ఆ కరెంటును తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. బ్యాటరీ అప్పటికే నిండుగా ఉంటే ఆ కరెంటు పోవడానికి చోటుండదు, వోల్టేజీ పెరిగిపోతుంది, కంట్రోలర్ 24 చూపించి మోటార్ బ్రేకింగ్ తగ్గించేస్తుంది. ఇంకా పెరిగితే 18. అంటే రోజూ దానంతటదే నెమ్మదించే బండి, సరిగ్గా దిగుడులో పట్టు వదులుతుంది. యాదగిరిగుట్ట ఘాట్ రోడ్డులాంటి దారిలో నిండా జనంతో అలా జరిగితే ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

కాబట్టి చార్జింగ్ పాయింటు గుట్ట కింద పెట్టండి, పైన వద్దు. పైన తప్పదంటే నిండా చార్జి చేసి నేరుగా కిందికి పంపకండి, పైనే కాసేపు తిప్పాక దింపండి. కాలి బ్రేకు మంచిగా ఉందో లేదో రోజూ పొద్దున చూడాలి, దిగుడు మొదట్లోనే వేగం తగ్గించమని డ్రైవర్లకు గట్టిగా చెప్పాలి. గుట్ట దిగేటప్పుడు కాకుండా చదును మీద, లేదా చార్జర్ పెట్టినప్పుడు ఈ కోడ్ వస్తే బ్యాటరీ కేబుల్ లూజుగా ఉందేమో చూడండి. రెజిస్టెన్స్ ఎక్కువైనా వోల్టేజీ అలాగే ఎగురుతుంది. చార్జర్ తగిలించి ఉండగా బండి నడపడం ఎలాగూ చేయకూడదు.

22, 16, 28: వేడి

కంట్రోలర్ లోపలి వేడి 85 డిగ్రీలు దాటితే 22 చూపించి బలం తగ్గిస్తుంది, 95 దాటితే 16 చూపించి ఆపేస్తుంది. మోటార్ వేడెక్కితే 28. ఎనిమిది మంది బండిలో పది మందిని, వాళ్ల సామానునూ ఎక్కించి మిట్టమధ్యాహ్నం ఎత్తు ఎక్కిస్తే ఈ కోడ్ రాకపోతేనే ఆశ్చర్యం. నీడన ఆపి చల్లారనివ్వండి, తనంతట తనే పోతుంది. వేడి మీద నీళ్లు చల్లొద్దు. తక్కువ మందితో కూడా పదే పదే వస్తుంటే కంట్రోలర్ చుట్టూ పేరుకున్న దుమ్మును పొడి బ్రష్షుతో దులపండి, అది కూర్చున్న పళ్లేనికి గట్టిగా అతుక్కుని ఉందో చూడండి, చక్రాల బ్రేకులు పట్టేసి ఉన్నాయేమో బండిని చేత్తో నెట్టి చూడండి. సుఖంగా దొర్లకపోతే మోటార్ రోజంతా బ్రేకుతో కొట్లాడుతోందన్నమాట. 29 వచ్చిందంటే మోటార్ వేడెక్కినట్టు కాదు, వేడి చెప్పే సెన్సార్ వైరు తెగినట్టు.

పెడల్, ఎన్‌కోడర్, కాంటాక్టర్

41, 42 పెడల్ సిగ్నల్ ఉండాల్సిన హద్దు దాటిందని చెబుతాయి. కనెక్టర్ ఊడదీసి చూడండి, వాన తర్వాతైతే లోపల తేమో తుప్పో ఉంటుంది. పెడల్ మెల్లగా తొక్కుతూ మీటర్ చూస్తే రీడింగ్ ఎక్కడా ఎగరకుండా, మధ్యలో తెగకుండా సాఫీగా మారాలి. ఒక చోట ఒక్కసారిగా దూకితే పెడల్ సెన్సార్ అరిగింది.

36 మోటార్ ఎన్‌కోడర్‌ది, అంటే మోటార్ ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే సెన్సార్‌ది. బండి కుదుపులు కుదుపులుగా పోతుంది లేదా పాకుతుంది. మోటార్ నుంచి వచ్చే సన్న వైర్లను పొడవునా చేత్తో తడుముతూ చూడండి. రాత్రిళ్లు గోదాము పక్కనో షెడ్డులోనో పెట్టే బండ్లలో ఎలుకలు కొరికిన చోటు చాలాసార్లు దొరుకుతుంది.

కాంటాక్టర్ అంటే తాళం తిప్పగానే టక్ మనేది, మనవాళ్లు సోలనాయిడ్ అంటారు. టక్ మనకుండా 31 వస్తే దాని కాయిల్ సన్న వైర్లు చూడండి. టక్ మన్నా 39 వస్తే లోపలి పాయింట్లు కాలి ఉండొచ్చు, పెద్ద ఫ్యూజు పోయి ఉండొచ్చు. 38 వచ్చిందంటే పాయింట్లు అతుక్కుపోయాయి, తాళం తీసినా పవర్ తెగదు, కాబట్టి ఆ బండిని ఇక నడపొద్దు. బ్యాటరీ మైనస్ తీసి, కాంటాక్టర్ పెద్ద టెర్మినళ్లలో ఒకదాని కేబుల్ విప్పి, రెండు టెర్మినళ్ల మధ్య ఓమ్స్ కొలవండి. సున్నాకు దగ్గరగా వస్తే కాంటాక్టర్ మార్చాలి. కంట్రోలర్ కాదు, కాంటాక్టరే.

14 వచ్చిన బండికి ఈమధ్య ఏమైనా కొత్తగా బిగించారా అని అడగండి. మైకు కన్వర్టరో ఫ్యానో తెచ్చి కంట్రోలర్ ప్లస్ టెర్మినల్‌కే తగిలిస్తే ఆన్ చేసేటప్పుడు లోపలి కెపాసిటర్లు నిండవు, కోడ్ పడుతుంది. ఆ వైరు తీసి మళ్లీ ఆన్ చేసి చూడండి.

12 (కంట్రోలర్‌లో కరెంటు హద్దు దాటడం) మాత్రం మీరు తేల్చేది కాదు. మోటార్ మూడు పెద్ద కేబుళ్లలో ఏదైనా ఒరిసి బాడీకి తగులుతోందేమో కంటితో చూడండి, అంతే. మళ్లీ మళ్లీ ఆన్ చేసి పరీక్షించొద్దు. కాలిన వాసన వచ్చినా, బ్యాటరీ ఉబ్బి కనిపించినా అంతే, బండిని పక్కన పెట్టి మెకానిక్‌ను పిలవాలి.

లిథియం బండి అయితే

వోల్టేజీ చూసి ఎంత చార్జి ఉందో చెప్పడం లిథియంలో కుదరదు, దాదాపు చివరిదాకా ఒకేలా చూపించి ఒక్కసారిగా పడిపోతుంది. ప్యాక్ లోపల ఉండే బీఎంఎస్ అనే బోర్డు ఏదైనా హద్దు దాటితే ప్యాక్‌నే కట్ చేసేస్తుంది, అప్పుడు టెర్మినళ్ల మీద సున్నా చూపించి ప్యాక్ చచ్చిపోయినట్టు అనిపిస్తుంది. టెన్షన్ పడకుండా ముందు దానికి సరిపోయే లిథియం చార్జరే పెట్టి చూడండి, చాలా ప్యాకులు లేస్తాయి. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండి చార్జ్ కాకపోతే సెల్లులు వేడిగా ఉండి బీఎంఎస్ ఆపి ఉండొచ్చు, సాయంత్రం చల్లబడ్డాక పెట్టండి. లెడ్ యాసిడ్ చార్జర్ తగిలించొద్దు. ప్యాక్ మూత విప్పి లోపల చేయి పెట్టే పని అసలే వద్దు.

మెకానిక్‌కు ఏం పంపాలి

కంట్రోలర్ ప్లేటు ఫోటో, లైట్ల వీడియో, నిలబడి ఉన్నప్పటి ప్యాక్ వోల్టేజీ, ఎత్తు ఎక్కేటప్పటి వోల్టేజీ, ఒక్కో బ్యాటరీ రీడింగ్ రాసిన కాగితం ఫోటో. కోడ్ ఎప్పుడు పడిందో కూడా రాయండి: ఆన్ చేయగానేనా, ఎత్తులోనా, దిగుడులోనా, వాన పడ్డాకనా, చార్జింగ్ తీశాకనా. ఇవన్నీ వాట్సాప్‌లో ముందే పోతే వచ్చేవాడు సరైన పార్టుతో వస్తాడు, రెండోసారి హైదరాబాద్ నుంచి రావాల్సిన ఖర్చు మీకు తప్పుతుంది. ఇంత పంపాక కూడా ఏమీ కొలవకుండా కంట్రోలర్ మార్చాలనే అంటే, ఏ రీడింగ్ చూసి అంటున్నారో అడగండి. అడగడం మీ హక్కు.

రిపేరు అయ్యాక కోడ్ పోయిందని వెంటనే జనాన్ని ఎక్కించకండి. ముందు చదును మీద ఖాళీ బండి, ఫార్వర్డ్, రివర్స్, బ్రేకు. తర్వాత ఇద్దరితో చిన్న ఎత్తు. ఆపి లగ్గులు మళ్లీ తడిమి చూడండి, చల్లగా ఉంటే అప్పుడు డ్యూటీకి పంపండి.